ఒక్క వేరుసెనగ గింజకు ఎన్ని శాస్త్రములు కావలెను?

(రైతుల కొరకు చేసిన ప్రసంగ పాఠము)



విశ్వవిద్యాలయము చూడవచ్చిన రైతులు ప్రయోగక్షేత్రములో పైర్లను చూచి సంతోషిస్తారు. ఈ విత్తనము మాకెప్పుడిస్తారని అడుగుతారు. కాని లోపలి భవనములలోనికి వచ్చి, ఒక గదిలో ఒకరు గాజు పళ్ళెములలో బూజు పెంచుచుండగా, మరొక గదిలో ఒకరు చీకటిలో ప్రత్యేకమైన దీపము క్రింద పిండిని పరీక్షించుచుండగా చూచినప్పుడు వారి ముఖములో ఒక ప్రశ్న కనిపిస్తుంది. పెద్దలు మొగమాటపడి ఊరుకుంటారు. పడుచువారు అడిగివేస్తారు: “అయ్యా, ఈ బూజు పెంచితే మాకేమి లాభము? పాత చరిత్రలు తిరగవేసేవారు, ఎలుకల కార్జము కోసి చూచేవారు, ఇంతమంది ఎందుకు? ఎరువు, నీరు, పురుగుమందు సంగతి చెప్పేవారుంటే చాలదా?”

ఈ ప్రశ్న తప్పు కాదు. పన్ను కట్టేవాడు లెక్క అడగవలసినదే. అయితే ఆ లెక్కను గాలిలో చెప్పిన ప్రయోజనము లేదు. మీకు బాగా తెలిసిన పంట ఒకటి తీసుకొని, దాని వెంట నడిచి, ఎక్కడెక్కడ ఏ శాస్త్రము అవసరమైనదో చూపుతాను. ఆ పంట వేరుసెనగ. కొందరు పల్లీలంటారు, రాయలసీమలో బుడ్డలంటారు, సెనక్కాయలంటారు. పేరేదైనను గింజ ఒక్కటే.

నేను సేద్యశాస్త్రము బోధించువాడను. నా శాస్త్రము పొలము గట్టువరకు వస్తుంది. గింజ గట్టు దాటి కళ్ళమునకు, గానుగకు, పశువుల తొట్టికి, బిడ్డ నోటికి పోవునప్పటికి నా శాస్త్రమొక్కటే చాలదు. ఆ సంగతిని 1960వ సంవత్సరములో ప్రపంచమంతా కష్టపడి నేర్చుకొన్నది.

పేరులోనే ఉన్న చరిత్ర

ముందుగా చరిత్ర. వేరుసెనగ మన దేశములో పుట్టిన పంట కాదు. మన పూర్వులకు సెనగ తెలుసు. వేరు దగ్గర కాయలు కాచే క్రొత్త పైరు వచ్చినప్పుడు, తెలిసిన సెనగ పేరుకే ‘వేరు’ చేర్చి పిలిచినారు. తమిళులు దీనిని మణిలా కొట్టై అన్నారు. మణిలా ఫిలిప్పీన్స్ దేశములోని రేవు. వంగదేశమువారు చీనా బాదాం అన్నారు. ఎవరికి ఏ దిక్కునుండి వచ్చినట్లు తోచినదో ఆ పేరే పెట్టుకొన్నారన్నమాట. పంట నడచిన దారిని వెదకునప్పుడు చరిత్రకారులు ఇట్టి పేర్లను కూడ సాక్ష్యముగా తీసుకుంటారు.

అసలు పుట్టిల్లు దక్షిణ అమెరికా. బొలీవియా దక్షిణ భాగము, అర్జెంటీనా ఉత్తర భాగము కలిసే ప్రాంతములో రెండు అడవి జాతులు కలిసి నేటి వేరుసెనగ పుట్టినది. పెరూ దేశములో సిపాన్ అనుచోట 1987లో బయటపడిన ఒక పురాతన పాలకుని సమాధిలో, వేరుసెనగ కాయల ఆకారములో బంగారు, వెండి పూసలతో చేసిన హారము దొరికినది. మన కళ్ళములో గోనె సంచులకు ఎత్తే కాయను అక్కడివారు రాజు మెడలో వేసినారు. యూరప్ నావికులు అమెరికా చేరిన తరువాతనే ఈ కాయ సముద్రము దాటి ఆఫ్రికాకు, ఆసియాకు వచ్చినది.

దీనివలన మనకేమి లాభమంటారా? పుట్టిల్లు తెలిస్తే చుట్టములెవరో తెలుస్తుంది. వేరుసెనగకు అడవిలో ఉన్న చుట్టములలో కొన్నిటికి తిక్క ఆకుమచ్చ, త్రుప్పు తెగుళ్ళను తట్టుకొను శక్తి కలదు. శాస్త్రజ్ఞులు ఆ శక్తిని సాగురకములలోనికి తెచ్చుచున్నారు. 1972లో పటాన్‌చెరువులో నెలకొల్పిన ఇక్రిశాట్ సంస్థ విత్తన భాండాగారములో 15 వేలకు పైగా వేరుసెనగ నమూనాలను భద్రపరచినారు. 2016లో ఆ రెండు అడవి తల్లిజాతుల జన్యుపటమును పలు దేశముల శాస్త్రజ్ఞులు కలిసి ప్రకటించినారు. కావున పాతచరిత్ర వెదకినవాని శ్రమ చివరకు విత్తనపు సంచిలోనికే వచ్చినది.

లక్ష కోళ్ళు చచ్చిన ఏడు

ఇక అసలు కథకు వస్తాను. 1960లో ఇంగ్లండు దేశములో టర్కీ కోళ్ళు పెంచేవారికి ఒక విపత్తు వచ్చినది. బాగున్న పిల్లలు మేత మాని, రెక్కలు వ్రేలవేసి, వారము తిరగకుండ చచ్చిపోయినవి. కొద్ది నెలలలో లక్షకు పైగా పోయినవి. కోసి చూస్తే కార్జము పాడై ఉన్నది. అంటువ్యాధి అనుకొని సూక్ష్మజీవులకోసము వెదకినారు, దొరకలేదు. ఏమిటో తెలియక దానికి ‘టర్కీ ఎక్స్ వ్యాధి’ అని పేరు పెట్టినారు. లెక్కలలో తెలియని సంఖ్యకు పెట్టే గుర్తే ఆ ఎక్స్.

అప్పుడు పశువైద్యులు రోగమును విడిచి మేత వెంట పడినారు. ఎవరి కోళ్ళు చచ్చినవి, వారు ఏ దాణా కొన్నారు, దానిలో ఏమేమి కలిపినారు అని ఇల్లిల్లు తిరిగి అడిగినారు. అందరి దాణాలోను ఉమ్మడిగా కనిపించినది బ్రెజిల్ నుండి దిగుమతి అయిన వేరుసెనగ చెక్క పిండి. దానిని మేపితే బాతుపిల్లలు కూడ చచ్చినవి. తూర్పు ఆఫ్రికాలో బాతుపిల్లలు చచ్చినచోట స్థానికముగా పండిన వేరుసెనగలోను అదే విషము ఉన్నట్లు తేలినది. ఆ తరువాత చూడగా ఇతర దేశముల వేరుసెనగలోను, మన దేశపు వేరుసెనగలోను కూడ ఇది కనిపించినది.

వేరుసెనగ విషమా? కాదు. తరతరములుగా తింటున్న గింజ విషమెట్లగును? గింజ మీద పెరిగిన బూజు విషము చేసినది. శిలీంధ్రశాస్త్రజ్ఞులు ఆ బూజును పట్టి 1961లో దాని పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అని తేల్చినారు. పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో పొడిపొడిగా కనిపించు బూజు ఇదే. ఇది మన నేలలో ఎక్కడైనను ఉంటుంది. దాని పేరులోని అక్షరములు కలిపి ఆ విషమునకు అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టినారు.

తరువాత రసాయన శాస్త్రజ్ఞుల వంతు. ఈ విషమును వేరుచేసి, కంటికి కనబడని అతినీలలోహిత కాంతి క్రింద పెడితే ఒక భాగము నీలముగాను, మరొక భాగము ఆకుపచ్చగాను మెరిసినది. ఆ రంగుల ఆంగ్లపు పేర్లలోని మొదటి అక్షరములను బట్టి బి, జి అని పిలిచినారు. అన్నిటిలోను ఘోరమైనది బి1. దాని నిర్మాణమును అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయపు రసాయనజ్ఞులు 1963లో కనిపెట్టినారు. మీరు చూచిన చీకటిగది దీపము పని ఇదే.

పశువైద్యశాలనుండి మనుష్యుల వైద్యమునకు

కోళ్ళతో కథ ముగిసి ఉంటే అది కోళ్ళవారి సమస్యగానే మిగిలేది. కాని 1961లోనే ఈ పిండి తిన్న ఎలుకలకు కాలేయములో కాన్సరు గడ్డలు లేచినట్లు కనిపెట్టినారు. అదే కాలములో అమెరికాలో చెరువులలో పెంచు ట్రౌట్ చేపలకు కాలేయపు కాన్సరు విపరీతముగా వచ్చినది. ఆ చేపల మేతలో కలిపిన ప్రత్తిగింజల పిండిలోను ఈ విషమే ఉన్నది. ఎలుకల కార్జము కోసి చూచువాని పనికి అర్థము ఇప్పుడు మీకు తెలిసినది కదా.

1963లో మరొక సంగతి బయటపడినది. విషపు చెక్క తిన్న ఆవు పాలలోనికి ఈ విషము వేరొక రూపములో దిగుతుంది. దానిని ఎం1 అంటారు. ఆవు చావదు, చూచుటకు బాగానే ఉంటుంది, కాని పాలు త్రాగే బిడ్డకు పాలు విషము మోస్తవి. ఆ రోజులలో పేదపిల్లలకు మాంసకృత్తులు చవకగా అందించుటకు వేరుసెనగ పిండిని వాడవలెనని మన దేశములోను, ఇతర దేశములలోను గట్టి ప్రయత్నము జరుగుచున్నది. పిల్లల బలమునకు పెట్టదలచిన పిండిలోనే ఈ ప్రమాదము ఉండవచ్చునని తెలిసి శాస్త్రజ్ఞులు ఉలికిపడినారు. అంతర్జాతీయ సంస్థలు పిల్లల పిండిలో విషమునకు హద్దులు పెట్టవలసి వచ్చినది.

మన దేశములో దీని ఘోరము 1974లో కనిపించినది. రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల గిరిజన గ్రామములలో జనమునకు కామెర్లు వచ్చినవి, పొట్టలో నీరు చేరినది. 397 మంది జబ్బుపడినారు, వారిలో 106 మంది చనిపోయినారు. అంటుకామెర్లే అనుకొనుట సహజము. కాని మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు అక్కడికి పోయి చూచినప్పుడు రెండు విషయములు అడ్డుపడినవి. ఒకటి, జబ్బు మొక్కజొన్న రొట్టె తిను ఇండ్లలోనే ఉన్నది. రెండు, ఆ ఇండ్ల కుక్కలకు కూడ అదే జబ్బు వచ్చినది. అంటుకామెర్లు కుక్కకు రావు, రొట్టెముక్క మాత్రము కుక్కకు కూడ వేస్తారు. ఆ ఏడు కోతల వేళ అకాలవర్షములు పడి కండెలు తడిసినవి, తడి ఆరకుండానే దాచినారు. ఆ మొక్కజొన్నలో కిలోకు 6 నుండి 15 మిల్లీగ్రాముల వరకు విషము ఉన్నది. నేడు మన చట్టము అనుమతించు హద్దుతో పోలిస్తే ఇది నాలుగు వందల నుండి వెయ్యి రెట్లు. 2004లో కెన్యాలో ఇదే విధముగా మొక్కజొన్న వలన 317 మంది జబ్బుపడి 125 మంది చనిపోయినారు.

ఇవి ఒక్కసారిగా చంపిన సంఘటనలు. నిత్యము కొద్దికొద్దిగా తిన్నచో కనబడకుండ జరుగు హాని ఇంకొకటి కలదు. చైనాలోని షాంఘై నగరములో 18 వేలకు పైగా పురుషులను ఏండ్ల తరబడి గమనించి 1994లో ఫలితములు ప్రకటించినారు. మూత్రములో ఈ విషపు జాడలు ఉన్నవారికి కాలేయపు కాన్సరు ముప్పు సుమారు మూడు రెట్లు ఎక్కువ. హెపటైటిస్ బి అను కామెర్ల క్రిమి ఒంటిలో ఉన్నవారికి సుమారు ఏడు రెట్లు. రెండూ ఉన్నవారికి దాదాపు అరవై రెట్లు. మూడు, ఏడు కలిపితే పది అనుకొంటాము, కాని ఒంటిలో లెక్క అట్లు జరుగలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా సంస్థ 1987లో అఫ్లాటాక్సిన్లను మనుష్యులకు నిశ్చయముగా కాన్సరు కలిగించువాటిలో చేర్చినది. కావున పుట్టిన బిడ్డకు ప్రభుత్వాసుపత్రిలో ఉచితముగా వేయు హెపటైటిస్ బి టీకా కూడ ఈ కథలో భాగమే. వేరుసెనగ పండించువాడు టీకా సంగతి తెలుసుకొనవలెననుట వింతగా ఉండవచ్చును, కాని రెండును ఒకే కార్జమును కాపాడునవే.

మళ్ళీ పొలములోనికి

ఇంతవరకు విన్నవారు, “బూజు నిలువలో పడుతుంది, అది వర్తకుల గొడవ” అనుకొనవచ్చును. చాలకాలము శాస్త్రజ్ఞులును అట్లే అనుకొన్నారు. కాని కాయ భూమిలో ఉండగానే విషము పుట్టగలదని సేద్యశాస్త్రజ్ఞులు తేల్చినారు. అమెరికాలో జార్జియా రాష్ట్రములోని డాసన్ పట్టణమున వేరుసెనగ పరిశోధనాలయము కలదు. అక్కడ 1980 ప్రాంతములలో మళ్ళు కట్టి, కొన్నిటికి నీరిచ్చి, కొన్నిటిని బెట్టకు వదలి, నేల వేడిమిని కూడ తమ అదుపులో ఉంచుకొని పరీక్షించినారు. చివరి నాలుగు నుండి ఆరు వారములలో బెట్టపడి, కాయలున్న చోట నేల వెచ్చగా, అనగా సుమారు 26 నుండి 31 డిగ్రీల వరకు ఉన్న మళ్ళలో విషము బాగా పుట్టినది. నీరు తగినంత ఉన్న మళ్ళలో బూజు ఉన్నను విషము దాదాపు లేదు.

కారణమేమనగా, తేమ గల పచ్చి గింజ తన్ను తాను కాపాడుకొను రసములను తయారు చేసుకుంటుంది. బూజు సోకగానే వాటితో అడ్డుతుంది. బెట్టలో గింజ తేమ తగ్గి ఆ శక్తి పోతుంది. అప్పటికి బూజు పెరుగుటకు తగిన తేమ మాత్రము గింజలో ఇంకా మిగిలి ఉంటుంది. రక్షణ ఉడిగి, శత్రువు మిగిలిన ఆ రోజులే ప్రమాదము. ఈ మాట అనంతపురము, కర్నూలు, చిత్తూరు, మహబూబ్‌నగర్ ప్రాంతముల రైతులకు ఎక్కువ విడమరచి చెప్పనక్కరలేదు. ఊడలు దిగి కాయ ఊరే వేళ వాన మొగము చాటువేయుట వారు ఎన్ని ఏండ్లు చూడలేదు!

యంత్రములవారి వంతు ఇంకొకటి ఉన్నది. విషము అన్ని గింజలలో సమముగా ఉండదు. వేలకొలది మంచి గింజల మధ్య ఎక్కడో ఒక గింజలో విపరీతముగా ఉంటుంది. ఒక్కొక్క గింజలో నూరుకోట్ల పాళ్ళలో లక్ష పాళ్ళకు మించి విషము కనిపించిన దాఖలాలున్నవి. మన దేశములో పప్పునకు హద్దు నూరుకోట్ల పాళ్ళలో 15 పాళ్ళు. యూరపు దేశములవారు నేరుగా తినే పప్పునకు పెట్టిన హద్దు 4 పాళ్ళు. లెక్క కట్టి చూడండి: లక్ష పాళ్ళ విషమున్న గింజ ఒక్కటి కలిస్తే ఆరువేల మంచి గింజలు మన హద్దు దాటిపోతవి. అందుకే ఒక పిడికెడు తీసి పరీక్షించి బస్తా మంచిదనుటకు వీలులేదు. నమూనా ఎట్లు తీయవలెనో గణితశాస్త్రజ్ఞులు చెప్పవలసి వచ్చినది. రంగు మారిన గింజను కన్నుమూసి తెరచేలోగా ఊదివేయు యంత్రములను ఇంజనీర్లు చేయవలసి వచ్చినది. విషమును త్వరగా, చవకగా కనిపెట్టు పరీక్షలను ఇక్రిశాట్ వంటి సంస్థలు తయారుచేసినవి. విషము చేయలేని బూజును పొలములో చల్లి, విషము చేయు బూజుకు చోటు లేకుండ చేయు పద్ధతి అమెరికాలో ప్రత్తి, వేరుసెనగ పొలములలోను, తరువాత ఆఫ్రికా దేశములలోను వాడుకకు వచ్చినది.

మీ చేతిలో ఉన్నది

ఇన్ని శాస్త్రములు కలిసి చెప్పినదానిని మీరు పొలములోను, కళ్ళములోను, ఇంటిలోను చేయవలసిన పనులుగా మార్చి చెబుతాను.

1. అదనుకు విత్తండి. మీ ప్రాంతమునకు సిఫారసు చేసిన, త్వరగా కోతకు వచ్చు రకమును ఎన్నుకొనండి. చివరి నెల బెట్టను తప్పించుకొనుటకు ఇదే మొదటి మార్గము.

2. పొలములో నీటికుంట ఉన్నచో ఆ నీటిని కాయ ఊరు దశకు దాచుకొనండి. అప్పుడిచ్చిన ఒక్క తడి దిగుబడితోపాటు గింజ ఆరోగ్యమును కూడ కాపాడుతుంది.

3. పశువుల ఎరువు వేయండి. పూత సమయములో ఎకరమునకు 200 కిలోల జిప్సము మొదళ్ళ దగ్గర వేసి మట్టి ఎగదోయండి. సున్నము అందిన కాయ పెంకు గట్టిపడి బూజును అడ్డుతుంది.

4. చెదలు, వేరుపురుగు కాయకు బెజ్జము చేస్తే బూజుకు తలుపు తీసినట్లే. వాటిని అదుపు చేయండి. అంతరకృషిలో కాయలకు గొర్రు, పార తగలకుండ చూడండి.

5. ముదిరిన వెంటనే పీకండి. నాలుగు చెట్లు పీకి కాయలు ఒలిచి చూడండి. నూటికి 75 నుండి 80 కాయలలో పెంకు లోపలివైపు నల్లబడి ఉంటే కోతకు వచ్చినట్లే. ఎండుతెగులుతో ముందే చచ్చిన చెట్ల కాయలను మంచివాటిలో కలపవద్దు.

6. పీకిన చెట్లను కాయలు పైకి ఉండునట్లు తలక్రిందులుగా పరచండి. పచ్చి చెట్లను కుప్ప వేయవద్దు. కుప్పలో వేడెక్కిన కాయలో బూజు రెండు మూడు దినములలోనే అందుకుంటుంది.

7. కాయను చెవి దగ్గర ఆడించితే గింజ గలగలమనవలెను. గింజలో తేమ నూటికి 8 పాళ్ళకు మించరాదు. అంతవరకు ఎండనివ్వండి. రాత్రి మంచు, వాన తగలకుండ కప్పండి.

8. పప్పు విరగకుండ ఉండుటకు కాయలపై నీళ్ళు చల్లి యంత్రములో వేయు అలవాటు కొన్నిచోట్ల కలదు. ఎండబెట్టిన శ్రమంతా ఆ ఒక్క కడవ నీటితో పోతుంది. ఈ అలవాటు మానండి, మాన్పించండి.

9. సంచులను నేలమీద గాని, గోడకు ఆనించి గాని పెట్టవద్దు. చెక్కలపై పేర్చండి. నిలువకు పప్పుకంటె కాయ మేలు.

10. ముడుచుకొన్న, రంగు మారిన, బూజు పట్టిన, చేదెక్కిన గింజలను ఏరి పారవేయండి. వేయించినను, ఉడికించినను ఈ విషము పోదు. “పచ్చడిలో నూరితే తెలియదులే” అనుకొనవద్దు. నాలుకకు తెలియకపోవచ్చును, కార్జమునకు తెలుస్తుంది.

11. గానుగ ఆడునప్పుడు విషములో ఎక్కువ భాగము చెక్కలో మిగులుతుంది. కావున పాడు గింజలు గానుగకు పంపితే నష్టము లేదనుకొనుట తప్పు. ఆ చెక్క మీ పాడి ఆవు తొట్టిలోనికే వస్తుంది, అక్కడినుండి పాలచెంబులోనికి వస్తుంది. బూజుపట్టిన చెక్కను పశువుకు పెట్టవద్దు. మాని మంచి మేత పెట్టినచో కొద్ది దినములలో పాలు బాగుపడతవి.

పరిగె కాయల సంగతి

పదకొండు చెప్పి పన్నెండవది విడిగా ఉంచినాను, ఇది మనస్సుకు కష్టమైన విషయము గనుక. చెట్లు పీకిన తరువాత నేలలో తెగి మిగిలిన కాయలను పరిగె ఏరుకుంటారు. కూలికి వచ్చిన ఆడవారు, పిల్లలు వాటిని కొంగులో మూటకట్టి ఇంటికి తీసుకుపోతారు. పేదలకు పరిగె వదలుట మన పల్లెలలో పూర్వమునుండి వచ్చిన ధర్మము. దానిని తప్పు పట్టుటలేదు. కాని విషము ఎక్కువగా ఉండు కాయలు అవే. ముదిరి తెగినవి, పురుగు కొట్టినవి, బెట్టకు నేలలోనే ఎండినవి అందులోనే ఉంటవి. మంచి కాయలు పట్టణమునకు పోయి, యంత్రముతో ఏరబడి, పరీక్షింపబడి తినబడుచున్నవి. చెడ్డ కాయలు ఏ పరీక్ష లేకుండ పొలములో పనిచేసినవారి పిల్లల నోటికి పోవుచున్నవి. హద్దులు, చట్టములు ఓడరేవుదాక కాపలా కాయగలవు, కూలివారి పొయ్యిదాక రాలేవు. అక్కడ కాపలా కాయవలసినవారు మీరే. మీ పొలములో పనిచేసినవారికి పరిగెకు బదులు కుప్పలోనుండి నాలుగు దోసిళ్ళు మంచి కాయలు ఇవ్వండి. పరిగె కాయలు ఇంటికి తెచ్చుకొన్నవారు ఒక్కొక్కటి ఒలిచి చూచి, శుభ్రమైన గింజను మాత్రమే ఉంచుకొనవలెనని ఇల్లాండ్రకు చెప్పండి.

పరిశోధనలో మీ భాగము

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వస్తాను. ఇంతమంది శాస్త్రజ్ఞులెందుకు? ఈ గింజకు చరిత్ర, శిలీంధ్రశాస్త్రము, రసాయనము, పశువైద్యము, మానవ వైద్యము, గణితము, ఇంజనీరింగు, సేద్యము, ఇన్ని అవసరమైనవి. ఏ ఒక్కటి లేకున్నను గొలుసు తెగేది. పశువైద్యులు చెక్క పిండిని పట్టుకొనకుంటే రసాయనజ్ఞులకు పని లేదు. వారు విషమును వేరుచేయకుంటే 1974లో ఆ గిరిజనులు చనిపోయినది దేనివలననో తెలిసేది కాదు. బెట్ట మళ్ళు కట్టి చూచినవారు లేకుంటే, తప్పంతా గిడ్డంగిదేనని ఇంకా అనుకొనుచుందుము. ఈ శాఖలలో ఏది మీకు పనికివచ్చునో ముందుగా చెప్పుట ఎవరివల్లను కాదు. 1959లో ఒకరు, “ఈ బూజు పరిశోధనకు డబ్బెందుకు?” అని అడిగి ఉంటే సరియైన జవాబు చెప్పగలవారు ఎవరూ లేరు. ఏడాది తిరిగేసరికి జవాబు కోళ్ళ దొడ్డిలో కనిపించినది.

కాని ఒక సంగతి గమనించండి. ఈ గొలుసులో మొదటి లంకె ప్రయోగశాలలో లేదు. “నా కోళ్ళు చచ్చినవి, కారణము చెప్పండి” అని వచ్చి అడిగిన పెంపకందారు దగ్గర ఉన్నది. “మా కుక్కలకు కూడ ఇదే జబ్బు” అని చెప్పిన గ్రామస్థుని దగ్గర ఉన్నది. వారు చెప్పకుంటే శాస్త్రజ్ఞులు ఇంకెక్కడనో వెదకుచుండేవారు. చదువురానివారి మాట కదా అని త్రోసివేసినను వెదకులాట దారి తప్పేది.

కావున మీరడిగిన లెక్క నేను చెప్పినాను, నేనడిగేది కూడ ఒకటి ఉన్నది. క్రొత్త చెక్క పెట్టిన తరువాత పశువు మేత విడిచినా, పాలు తగ్గినా, కోళ్ళు వరుసగా చచ్చినా, ఇంటిలో ఒకే తిండి తిన్న ఇద్దరు ముగ్గురికి కామెర్లు వచ్చినా ఊరుకొనవద్దు. జబ్బుపడినవారిని వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. ఆ తిండి, ఆ మేత మానివేయండి. అయితే మొత్తము పారవేయవద్దు. దానిలో ఒక కిలో తీసి, ఆరిన కాగితపు సంచిలో కట్టి, ఎప్పుడు కొన్నది, ఎక్కడ కొన్నది, ఎప్పటినుండి పెట్టినది ఒక చీటిపై వ్రాసి, పిల్లలకు, పశువులకు అందనిచోట ఉంచండి. ఆ సంచిని పశువైద్యునికి గాని, డాక్టరుగారికి గాని, దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రమునకు గాని అందజేయండి. ఒక్కరోజు పని చెడుతుంది, నిజమే. కాని ఆ సంచి వెంట ఏ శాస్త్రము ఎంతదూరము నడవవలసి ఉన్నదో చూచుట మా పని. దానిని మా దాక తెచ్చుట మీ పని.